వాన ఆగాక కారే నీళ్లు

కొత్తగా వెండిరంగు పూసిన ఆవిరి గొట్టంలోకి మొదటిసారి ఆవిరి వదిలితే ఒక వాసన వస్తుంది. పొయ్యి మీద ఖాళీ పెనం మరిచిపోయినప్పటి వాసనకు దగ్గరగా ఉంటుంది. కొంచెం నూనె, కొంచెం పొగ, గొంతులో చిన్న గరగర. ఇవాళ పొద్దున నాగర్‌కర్నూల్ దగ్గర నేను పనిచేసే నూనె ఫ్యాక్టరీలో అదే వాసన లేచింది. లెక్కల గదిలోంచి ఒకాయన ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "మేడం, ఏదో కాల్తుంది!" అన్నాడు. "కాలనియ్యండి సార్, రంగు గట్టిపడుతుంది" అన్నాను. ఆయనకు నా మాట మీద నమ్మకం కుదరలేదు, తలుపు దగ్గరే నిలబడి తొంగి చూస్తూ ఉన్నాడు. నేను మాత్రం గొట్టం కిందికి పోయి ఆ పొగను గుండెల నిండా పీల్చుకున్నాను. ఒంటికి మంచిది కాదని తెలుసు. అయినా ఆ వాసన వచ్చినప్పుడల్లా నాకు బసవరాజు సార్ పక్కన నిలబడ్డట్టే ఉంటుంది.

బసవరాజు సార్ నా మొదటి బాస్. రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లు అవి. అప్పటికి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అన్నీ ఒకే జిల్లా. వనపర్తికి కొంచెం దూరంలో ఒక పల్లీ నూనె ఫ్యాక్టరీ ఉండేది. అక్కడి యంత్రాల మరమ్మతు బాధ్యత అంతా ఆయనది. ఊరు కృష్ణ అవతల, రాయచూరు వైపు. మాట తెలుగులో మొదలయ్యేది, మధ్యలో కన్నడం కలిసేది, కోపం వస్తే ఉర్దూలో ముగిసేది. బక్కపలచని మనిషి, నడి ఎండాకాలంలోనూ మెడకు మఫ్లరు. మధ్యాహ్నం జొన్నరొట్టెలోకి పల్లీల పొడి ఇంటి నుంచి తెచ్చుకునేవారు. చుట్టూ గుట్టలు గుట్టలుగా పల్లీలు పెట్టుకుని ఇంటి నుంచి పొడి మోసుకొచ్చే మనిషి ఈయనొక్కడేనని అందరూ ఆటపట్టించేవాళ్లు. "ఫ్యాక్టరీ పల్లీ నూనెకు. ఇంటి పల్లీ నోటికి" అనేవారు ఆయన.

నేను గద్వాలలో మగ్గాల ఇంటి పిల్లను. ఇంట్లో అందరూ చీరలు నేస్తుంటే నేను డిప్లొమా చదివి ఇనుము పనికి వచ్చాను. చేరింది వానాకాలంలో. కొత్త పంట వచ్చేదాకా ఫ్యాక్టరీ బంద్. బాయిలర్ చల్లారి ఉంది, పావురాలు తప్ప చప్పుడు చేసేవాళ్లు లేరు. నాకు ఓపిక తక్కువ, అది మా నాయన ఇచ్చిన ఆస్తి. రెండు రోజులకే అడిగేశాను.

"ఫ్యాక్టరీ బందున్నప్పుడు మనకేం పనుంటది సార్?"

"ఇప్పుడే బిడ్డా పని" అన్నారు. "నడిచే గొట్టం తన తడి తానే ఆర్చుకుంటది. పండుకున్న గొట్టానికే రోగం. మనిషి గూడ గంతే గదా."

ఆ రోగమేమిటో తెలియాలంటే గొట్టం సంగతి కొంచెం చెప్పాలి. పల్లీ పొట్టు కాల్చి బాయిలర్‌లో ఆవిరి పుట్టిస్తారు. ఆ ఆవిరి ఇనుప గొట్టాల్లో పల్లీలు ఉడికించే హాలుకు పోతుంది. దారిలో వేడి తగ్గకుండా గొట్టం చుట్టూ గాజు దూది చుట్టి, దాని మీద అల్యూమినియం రేకు తొడుగుతారు. మా పనివాళ్లు దాన్ని 'గొట్టానికి బట్టలేసుడు' అనేవాళ్లు. బట్టల కింద ఇనుముకు తుప్పు పట్టకుండా వేడికి ఓర్చుకునే వెండిరంగు పూస్తారు. రేకులో ఎక్కడ చిన్న సందు దొరికినా వాన నీళ్లు లోపలికి పోతాయి. దూది ఆ నీళ్లను తాగి కూర్చుంటుంది. పూత దెబ్బతింటుంది, తర్వాత ఇనుము. పైకి మాత్రం రేకు పెండ్లికొడుకు లాగ తళతళలాడుతూనే ఉంటుంది.

వాన మొదలైతే అందరం లోపలికి ఉరికేవాళ్లం. బసవరాజు సార్ గొడుగు తీసుకుని బయటికి పోయేవారు. మొదటిసారి నన్ను కూడా లాక్కుపోయారు. గొట్టాల వెంట నడుస్తూనే ఉన్నారు. నా చెప్పులు బురదలో కూరుకుపోతున్నాయి, మనసులో ఆయన్ను తిట్టుకుంటూనే ఉన్నాను. వాన ఆగింది. హమ్మయ్య అనుకుని లోపలికి తిరిగాను.

"బేడ, బేడ" అని కన్నడంలో వద్దన్నారు. "ఏడికి పోతవు?" అన్నారు. "అసలు చూసేది ఇప్పుడే. వాన పడంగ కారే నీళ్లు వానవి. వాన ఆగినంక కారే నీళ్లు లోపలివి."

నిజమే. గొట్టాలన్నీ ఎండకు ఆరిపోయాక కూడా ఒకటి రెండు చోట్ల రేకు అతుకు నుంచి చుక్క చుక్కగా కారుతూనే ఉంది. అక్కడల్లా జేబులోంచి సుద్దముక్క తీసి గీత పెట్టారు. మర్నాడు పనివాళ్లు ఆ చోట్ల బట్టలు విప్పేవాళ్లు.

పూత పని కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. తుప్పును ఇనుప బ్రష్షుతో గీకి గీకి మెరుగు తేలేదాకా వదలరు. తెల్లవారి మంచు తడి ఆరేదాకా రంగు డబ్బా మూత తీయనివ్వరు. ముందు వెల్డింగు అతుకులకు, మూలలకు చిన్న బ్రష్షుతో పూయాలి, తర్వాతే మిగతా గొట్టానికి. మొదటి పూత ఆరాకే రెండోది. చివరికి పొడి దూది చుట్టి, రేకు అంచులు ఇంటి పెంకుల్లాగ పైది కింది దాని మీదికి వచ్చేట్టు తొడగాలి, నీళ్లు జారిపోవాలి. "ఎవరు చూస్తరు సార్ దీన్ని, రేకు కింద ఉండేదే కదా?" అన్నాను ఒకసారి, చేతులు నొప్పి పుట్టి. ఆయన నవ్వారు. "మీ అమ్మ చీర ఎనక దిక్కు ఎవరు చూస్తరు?" అని తిరిగి అడిగారు. మా మగ్గాల ఇంట్లో ఏ చీరనైనా ముందు తిరగేసే చూస్తారు కనుక మళ్లీ బ్రష్షు పట్టుకున్నాను.

ఇక ఎల్లప్ప మేస్త్రి గురించి చెప్పాలి. గొట్టాలకు బట్టలు వేసే పనివాళ్లకు పెద్ద. అమరచింత మనిషి. నోరు పెద్దది, మనసు మెత్తన. ఆయన భార్య బాలమ్మ పల్లీలు చెరిగే ఆడవాళ్లలో ఒకతి. బంద్ రోజుల్లో గోదాములు ఊడ్చడానికి వచ్చినా, ఆ ఆడవాళ్లంతా ఉడికించే హాలు ముందున్న వరండాలోనే కూర్చుని సద్ది తినేవాళ్లు. నేనూ వాళ్లతోనే తినేదాన్ని. ఆ వరండా మీదుగానే పెద్ద ఆవిరి గొట్టం పోతుంది. ఒకచోట వంపు తిరిగి మనిషి ఎత్తుకు దిగుతుంది. చలికాలంలో అక్కడ వెచ్చగా ఉంటుందని చోటు కోసం పోటీ పడేవాళ్లట.

ఆ వంపు దగ్గరే రేకుకు ఎల్లమ్మ తల్లి పటం బిగించి ఉండేది. ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో ఎవరికీ తెలియదు. ప్రతి శుక్రవారం ఎల్లప్ప ఆ చోటును చెంబులతో నీళ్లు పోసి కడిగేవాడు, పసుపు రాసేవాడు. ప్రతి దసరాకు పూలదండల కోసం రేకుకు కొత్త మేకులు. పాత మేకులు పోయిన చోట బెజ్జాలు. వాన ఆగాక అక్కడి నుంచి కూడా చుక్కలు పడేవి. ఎర్రటి చుక్కలు. బాలమ్మ వాటిని వేలితో అందుకుని నొసట పెట్టుకునేది. "అమ్మ కుంకుమ ఇస్తున్నది" అనేది. ఒకరోజు నా నొసటా పెట్టింది. బట్టలు విప్పే పనిలో ఏటేటా అన్ని గొట్టాలూ విప్పేవాళ్లు గానీ ఆ వంపును ముట్టేవాళ్లు కాదు. అమ్మవారి జాగ అది. నాకన్నా ముందు పనిచేసిన ఇంజనీర్లు కూడా చెప్పులు విప్పి దాని ముందు నుంచి పోయేవాళ్లట.

దసరా దగ్గరకొచ్చింది. పండుగ నాడు ఆయుధ పూజ చేసి, బాయిలర్ ముట్టించి, ఆవిరి వదిలి కొత్త సీజన్ మొదలుపెట్టడం అక్కడి రివాజు. ఆ రోజు పనివాళ్ల ఇంటిల్లిపాదీ వస్తారు. గద్వాల నుంచి మా అమ్మ కూడా వస్తానన్నది, కూతురు పనిచేసే చోటు చూడాలని. అంతకు ముందు వారం ఒక పెద్ద వాన పడి ఆగింది. గొడుగు ముడిచిన బసవరాజు సార్ వరండాలో ఆ వంపు ముందు నిలబడిపోయారు. రోజూ అక్కడ దండం పెట్టుకుని పోయే మనిషి. ఆ రోజు చేతులు జోడించలేదు. ఎర్ర చుక్కలు రాలుతుంటే వాటినే చూస్తున్నారు. తర్వాత జేబులో చెయ్యి పెట్టి సుద్దముక్క తీశారు, గీత పెట్టకుండానే మళ్లీ జేబులో వేసుకున్నారు.

"ఎల్లప్పా, ఇది ఇప్పాలె" అన్నారు మెల్లగా.

ఎల్లప్ప మొహం మాడిపోయింది. "ఏంది సారూ గిట్లంటరు? తల్లి జాగ అది. పండుగ ముంగట పెట్టుకోని తల్లిని లేపుతరా? మా వాళ్లు ఎవరు ముట్టరు. నేను ముట్ట."

నాకు ఒళ్లు మండింది. ఆ గొట్టం కింద ఎవరు కూర్చుంటారో నాకు తెలుసు, ఎల్లప్పకూ తెలుసు. "మీరు ముట్టకపోతే నేను ఇప్పుత, పానా ఇటివ్వు" అని చెయ్యి చాపాను. వరండాలో ఆడవాళ్లు తినడం ఆపి నన్ను చూశారు. బసవరాజు సార్ నా చెయ్యి పట్టి పక్కకు తీసుకుపోయారు.

"నువ్వు ఇప్పితే ఈ ఏడు ఇప్పుతవు బిడ్డా" అన్నారు. "వచ్చే ఏడు ఎవరు ఇప్పుతరు?"

"అప్పటిదాకా ఎవరి నెత్తి మీదన్న పడితే సార్?"

"గొట్టంల ఆవిరి లేదు. ఇయ్యాల ఏం కాదు. నాకు రేపటి దాకా టైమియ్యి."

ఆ సాయంత్రమంతా నేను ఆయనతో మాట్లాడలేదు. బాస్‌తో అలిగే హక్కు నాకెవరిచ్చారో తెలియదు గానీ అలిగాను.

మర్నాడు పొద్దున చాయ్ తాగే వేళకు సార్ పోయి ఎల్లప్ప పక్కన మెట్ల మీద కూర్చున్నారు. పండుగ గురించి, జొన్న చేల గురించి మాట్లాడారు. ఉన్నట్టుండి అడిగారు.

"ఎల్లప్పా, దసరాకు మీ ఇంట్ల గోడలకు సున్నం ఏస్తరా?"

"ఎయ్యక? ఏస్తం."

"దేవుని గూటికి?"

"దేవుని గూటికి ఎయ్యకుండ ఎట్లుంటం సారూ? ముందుగాల దానికే ఏస్తం."

"ఏసేటప్పుడు పటం ఏడ పెడ్తరు?"

"పీట మీద. పీట కడిగి, ముగ్గేసి..." ఎల్లప్ప అక్కడ ఆగాడు. చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"మరి ఇన్నేండ్ల సంది ఈ తల్లి గూటికి సున్నం ఎయ్యలే గదా మనం" అన్నారు సార్. "పీట ఏడుందో జర చూడు."

ఎల్లప్ప తల తిప్పి గొట్టం వంపును చూశాడు. నేను దూరంగా నిలబడి గోళ్లు కొరుక్కుంటున్నాను. చివరికి ఎల్లప్ప లేచి, "ఓ బాలమ్మా! ఇంట్ల పీట కడుక్కోని తే" అని కేకేశాడు. నాకైతే అక్కడే గంతులు వేయాలనిపించింది.

పీట వచ్చింది. బాలమ్మ దాని మీద ముగ్గు వేసింది. ఎల్లప్ప తలకు కట్టుకున్న తువ్వాల విప్పి నడుముకు చుట్టుకుని, స్నానం చేయించిన పసిబిడ్డను ఎత్తుకున్నట్టు పటాన్ని రెండు చేతులతో తీసుకుపోయి పీట మీద పెట్టాడు. కొబ్బరికాయ కొట్టాడు. తర్వాత తానే పానా పట్టి రేకు మరలు విప్పాడు. రేకు పక్కకు తీయగానే లోపలి దూది తడిసిన గొంగడి లాగ దభీమని నేల మీద పడింది. దాన్నుంచి ఎర్రటి నీళ్లు వరండా అంతా పారాయి. గొట్టం మీద వెండిరంగు ఆనవాలు కూడా లేదు. ఇనుము పొరలు పొరలుగా లేచి ఉంది. సార్ సుత్తి తీసి ముందు కొంచెం అవతల కొట్టారు, ఖంగుమంది. వంపు దగ్గర కొట్టారు. మోగలేదు. రెండోసారి కొడితే సుత్తి మొన లోపలికి దిగింది.

బాలమ్మ గొట్టానికి పడ్డ బొక్కను చూసింది, తర్వాత రోజూ తాను కూర్చునే చోటును చూసింది. పండుగ నాడు ఆవిరి వదిలితే ఏమయ్యేదో ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. "తల్లీ, సల్లగ సూసినవు" అని ఆమె పీట ముందు కూలబడింది.

బసవరాజు సార్ మెట్ల మీద కూర్చున్నారు. మెడలోని మఫ్లరు విప్పి ఒళ్లో పెట్టుకున్నారు. "నేను గూడ ఇన్నేండ్లు దండం పెట్టుకుంటనే పోయిన" అన్నారు నాతో. "దండం పెట్టిన కండ్లు మూసుకుంటయి బిడ్డా. చుక్కలు నాకు కనపడలే." ఆయన మాటలో ఏడుపు లేదు, బతికిపోయామన్న నిట్టూర్పు ఉంది. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు. పండుగ నాడు మా అమ్మ వచ్చి నిలబడాల్సిన చోటు అది.

ఫ్యాక్టరీ సేటుకు కబురు పోయింది. ఆయన గాభరాగా వచ్చాడు. "పండుగ నాడు అగ్గి ముట్టియ్యకుంటె ఎట్ల బసవరాజూ? అరిష్టం గదా!" అన్నాడు. "అగ్గి ముట్టిద్దాం సేటూ. ఆవిరి ఇడువం" అన్నారు సార్. సేటు బొక్కలోకి తొంగి చూసి తల ఊపాడు. ఆ ముక్క కోసి పారేసి కొత్తది అతికించారు. నీళ్ల ఒత్తిడి పెట్టి పరీక్ష చేశారు. గొట్టం పొడుగునా బట్టలు విప్పి గీకడం మొదలుపెట్టాం. ఈసారి పక్కకు తప్పుకున్న మనిషి ఒక్కడూ లేడు. ఎల్లప్ప అయితే గీకిన చోటే మళ్లీ గీకుతుంటే, ఇనుము అరిగిపోతుందని సార్ బ్రష్షు లాక్కున్నారు.

ఆయుధ పూజ నాటికి గొట్టం బట్టలు లేకుండా, రెండో పూతతో ఉంది. గోడ వారగా పీట మీద ఎల్లమ్మ తల్లి. దండలన్నీ పీటకే. గొట్టానికి ఒక్క మేకు లేదు. మా అమ్మ గద్వాల నుంచి బస్సులో వచ్చింది, నేత చీర కట్టుకుని. పూజ అయ్యాక గొట్టం దగ్గరికి పోయింది. ఎదురుగా చూడలేదు. నడుము వంచి, తల తిప్పి, గొట్టం కింది భాగం చూసింది.

"ఈడ జర పల్సగుంది" అన్నది వేలు చూపించి.

సార్ వంగి చూశారు. నేనూ చూశాను. నిజంగానే పలచగా ఉంది, నేను పూసిన చోటే. బసవరాజు సార్ అంత గట్టిగా నవ్వడం నేను అంతకు ముందు వినలేదు. "నీకు నౌకరీ ఇచ్చి తప్పు చేసిన బిడ్డా, మీ అమ్మకు ఇయ్యాల్సింది" అన్నారు. అమ్మ సిగ్గుపడి కొంగు సర్దుకుంది. ఆ పలచని చోట మళ్లీ పూసేదాకా ఆమె కదలలేదు.

పండుగ అయిన కొద్దిరోజులకు దూది చుట్టి, రేకు తొడిగి, ఆవిరి వదిలాం. అప్పుడు లేచింది ఈ పొగ, ఈ వాసన. ఆడవాళ్లు భయపడి దూరం జరిగారు. సార్ పోయి గొట్టం కింద, సరిగ్గా బాలమ్మ కూర్చునే చోట కూర్చున్నారు. పొగ తగ్గింది. గొట్టం నిలబడింది. "రండి, రొట్టె తిందాం" అని డబ్బా విప్పారు. బాలమ్మ పోయి పక్కన కూర్చుంది, తర్వాత నేను, తర్వాత అందరూ. పల్లీల పొడి అందరికీ తలా ఇంత వచ్చింది. ఆ రోజు ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడం అంత సంతోషంగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

తర్వాతి ఏడు వానలు తగ్గాయో లేదో ఎల్లప్ప తనంతట తానే పీట కడిగాడు. నేను అక్కడ ఉన్నన్నాళ్లూ ఆ పని ఎవరూ గుర్తు చేయాల్సి రాలేదు. బసవరాజు సార్ రిటైరై నది దాటి తన ఊరికి పోయారు. కొన్నేళ్ల కింద నిద్రలోనే పోయారని వాళ్ల అబ్బాయి ఫోన్ చేసి చెప్పాడు. నేను చూడబోయేసరికి అంతా అయిపోయింది. ఇంటి ముందు ఆయన గొడుగు ఒక మేకుకు వేలాడుతూ ఉంది. కాసేపు దాని కింద నిలబడి వచ్చాను.

ఇప్పుడు నేనున్న ఫ్యాక్టరీలోనూ గొట్టాల మీద దేవుళ్లున్నారు. ఒకచోట హనుమంతుడు, ఒకచోట మైసమ్మ, బాయిలర్ పక్కన దర్గా నుంచి తెచ్చిన పచ్చటి గుడ్డ. చేరిన కొత్తలో ప్రతి వానాకాలం నేనే పీట తెప్పించేదాన్ని, నేనే పటాలు దింపేదాన్ని. పీట దొరకకుండా పానా ముట్టనిచ్చేదాన్ని కాదు. నాకు ఓపిక వచ్చిందని కాదు. లోపల ఇంకా ఒళ్లు మండుతూనే ఉంటుంది. కానీ ఎవరైనా కళ్లకద్దుకునేదాన్ని తీయాల్సి వస్తే, దాన్ని ఎక్కడ పెట్టాలో ముందు చూసుకుంటాను. గొట్టాల దగ్గరే కాదు, ఇంట్లో కూడా.

ఈ ఏడు ఇంట్లో పనుండి నాలుగు రోజులు సెలవు పెట్టాను. వెళ్లేటప్పుడు ఎవరికీ ఏమీ చెప్పలేదు. తిరిగి వచ్చేసరికి పెద్ద గొట్టానికి బట్టలు విప్పి ఉన్నాయి. కొత్తగా పూసిన వెండిరంగు మెరుస్తోంది. గోడ వారగా ముగ్గు వేసిన పీట, దాని మీద హనుమంతుడు, మైసమ్మ, మడత పెట్టిన పచ్చగుడ్డ. "ఎవరు చెప్పిన్రు మీకు?" అని మేస్త్రిని అడిగాను. అతను నన్ను వింతగా చూశాడు.

"ఎవరో చెప్పుడేంది మేడం? వాన ఆగినంక గొట్టం కారుతుండె. ఇప్పినం."

అతను బసవరాజు సార్‌ను చూడలేదు, పేరు కూడా వినలేదు. వచ్చే ఏడు ఎవరు ఇప్పుతరని ఆయన నన్ను అడిగారు కదా. జవాబు నా ఎదురుగా పానా పట్టుకుని నిలబడి ఉంది. నేను వెళ్లి గొట్టం కింది దిక్కుకు వంగి పూత ఎక్కడైనా పలచగా ఉందేమో చూశాను. లేదు.